సున్నం గీత

ఖరగ్‌పూర్,
న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లు,
జనవరి.

వినీతా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మీ గురుకులం ఉన్న కొండ మీద సిగ్నల్ దొరకాలంటే నువ్వు నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఇక్కడేమో నేను ఫోన్ ఎత్తగానే మా అమ్మ కూర తరగడం ఆపి చెవి ఇటు పడేస్తుంది. మేనమామ కూతురివి, వైశాఖంలో మా తమ్ముడు అమర్‌నాథ్‌ని చేసుకుని ఈ ఇంటికే రాబోయేదానివి. మన మధ్య పెళ్ళి కబుర్లు తప్ప ఇంకేం ఉంటాయని ఆవిడ నమ్మకం. నాకేమో నీతో పాఠాల గొడవ ఉంది.

ఎనిమిదో తరగతికి ఈ ఏడు ఒక ఇంగ్లీషు నవల పెట్టారు. రాబోయే కాలపు కథ. నీళ్ళు ఎండిపోతాయి. ఊరి మధ్య గోడ కట్టేస్తారు. పై ఊరికి నీళ్ళు, కింది ఊరికి దాహం. ఆ గోడకు పెద్దవాళ్ళు కాపలా కాయరు, పద్నాలుగేళ్ళ పిల్లల చేతికి కర్రలిస్తారు. దాటి వచ్చినవాడు ఎవరైనా సరే పిల్లలే కొట్టాలి. ఆఖరున ఒక అమ్మాయి కర్ర పారేసి గోడ పగలగొడుతుంది. మంచి పుస్తకమే.

మా వాళ్ళకు గోడ పగలడం నచ్చలేదు, కొట్టడం నచ్చింది. నీళ్ళ కోసం వచ్చిన ముసలాయన్ని పిల్లలు కొట్టి చంపే పేజీ మళ్ళీ చదవమని తీతు అనేవాడు లేచి అడిగాడు. చదివాను. క్లాసులో చీమ చిటుక్కుమనలేదు. నాకే భయమేసింది. ఇంత శ్రద్ధగా ఎన్నడైనా విన్నారా అని సంబరపడ్డాను కూడా, అబద్ధమెందుకు.

ఇప్పుడు అన్ని సబ్జెక్టులూ కలిపి ఈ నవల మీద ప్రాజెక్టు చేయించమని మా హెడ్మిస్ట్రెస్ హుకుం. లెక్కల మాస్టారు నన్ను చూస్తేనే పారిపోతున్నాడు. నీ బుర్రలో పురుగులకు కొదవ లేదు కదా, నాలుగు ఇటు వదులు.

అమర్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. చెప్పాను.

నీ వదిన,
కుసుమ

---

కురుపాం దగ్గర కొండ,
ఫిబ్రవరి.

వదినకు నమస్కారం, బావకు ఏమీ లేదు, ఆయన నన్ను నేరుగా అడగాలి.

నీ ఉత్తరం హాస్టల్ పిల్లలు నాకంటే ముందు చదివేశారు. ముసలాయన కథ మొత్తం చెప్పమని నా ప్రాణం తీస్తున్నారు. అన్ని చోట్లా పిల్లలు ఒక్కటే అనుకో.

ఇక విను. లెక్కల మాస్టారిని పారిపోనివ్వకు. కింది ఊరికి ఒక ట్యాంకే దిక్కయితే ఇంటికెన్ని చెంబులు, ముసలివాళ్ళకు ఎన్ని, చూలింతకు ఎన్ని, అని పంచమను. పంపకం తేలక పిల్లలే కొట్టుకుంటారు, అదే పాఠం. సైన్సులో మురికినీళ్ళు ఇసుకలో, బొగ్గులో వడకట్టమను. దాహంతో మనిషి ఒంట్లో ముందు ఏది చెడుతుందో రాయమను. సోషల్‌లో ఆ గోడ ఊరి చట్టాలు పిల్లల చేతే రాయించి, మన రాజ్యాంగం పక్కన పెట్టి ఏది ఎక్కడ చచ్చిందో చూపించమను. బొమ్మలు వేసేవాళ్ళ చేత గోడ మీది హెచ్చరికలు రాయించు, తెలుగు, బెంగాలీ, హిందీ మూడింట్లోనూ.

అసలుది డ్రిల్ మాస్టారి పీరియడ్. మైదానంలో సున్నంతో ఆ ఊరి పటం గీయించు, మనిషి నడిచేంత పెద్దది. మధ్యలో గోడకు గీత. పై ఊరివాళ్ళకు నల్ల పట్టీలు కట్టి కాపలా పెట్టు. కాపలావాడు నువ్వు చెప్పేదాకా గీత వదలకూడదు. ఆ ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టు వదినా. కాళ్ళు పీకినా, స్నేహితుడే వచ్చి బతిమాలినా కదలకూడదు. అప్పుడే ఆ నవల్లో పిల్లల బాధ వీళ్ళ ఒంటికి తెలుస్తుంది. మా దగ్గర వేరే నాటకంలో ఇలాగే చేయించాను, ఏడ్చేశారు.

ఎలా జరిగిందో పూర్తిగా రాయాలి. నాకు ఎంగిలి ముక్కలు పనికిరావు.

నీ మరదలు,
వినీత

---

ఖరగ్‌పూర్,
ఫిబ్రవరి చివర.

వినీతా,

నువ్వు చెప్పినవన్నీ నడుస్తున్నాయి. నీళ్ళ పంపకం దగ్గర నువ్వన్నట్టే జుట్లు పట్టుకున్నారు. డ్రిల్‌లో తీతు కాపలా కాస్తూ, జాన్ పాల్ గీత దాటాడని వెదురు కర్రతో మూతి మీద కొట్టాడు. ముందు పన్ను ఊడి మట్టిలో పడింది, చొక్కా నెత్తురయింది. నేను తీతుకి రెండు తగిలించి, జాన్ పాల్‌ని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వాడు మర్నాడు బోసినోటితో నవ్వుతూ వచ్చి, ఈ రోజు నాకు కాపలా ఇవ్వండి టీచర్ అన్నాడు. కర్రలు తీసేసి కాగితపు గొట్టాలిచ్చాను.

వాళ్ళందరిలో పూజ అని ఒక పిల్ల ఉంది. ఖరిదా బజారులో కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. ఈ పిల్ల ఎవరినీ కొట్టదు, తిట్టదు. గీత మీద నిలబడుతుంది, అంతే. ఎండ నడినెత్తిన ఉన్నా కదలదు. అందుకే దాన్ని కాపలాకు పెద్దను చేశాను.

స్కూలు మైదానంలో పైపుల కోసం తవ్వేస్తున్నారు. చివరి ప్రదర్శన మా క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో చేద్దామని నేనే నిర్ణయించాను. బజారుకూ మా క్వార్టర్ల లైనుకూ మధ్యలో ఉంటుంది, తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చు.

నువ్వు మా మాతాపూజ ఇంకా చూడలేదు కదా. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళు తమ అమ్మోరిని కూడా తెచ్చుకున్నారు. ఆడవాళ్ళు ఘటం నెత్తిన పెట్టుకుని లైనులన్నీ తిరుగుతారు. ఎత్తిన ఘటం వెనక్కి తిరగకూడదు, ప్రాణం పోయినా. ఆ రోజు మా లైనులో వర్క్‌షాపుకు ఎవడూ వెళ్ళడు, అంతా సెలవే. ఊరేగింపు ఎటు వెళ్ళాలని బజారు వాళ్ళకూ మా వాళ్ళకూ ఏటా రగడ. పోయిన ఏడు అమర్ ఒక బజారు కుర్రాడి దవడ విరగ్గొట్టాడు. కేసు లేకుండా పెద్దలు సర్దేశారు. మా ఇంట్లో అది చెప్పుకుని నవ్వుకున్నాం కూడా. పెళ్ళయ్యాక వాడి చేతి దురద నువ్వే తీర్చాలి.

కుసుమ

---

ఖరగ్‌పూర్,
మార్చి.

వినీతా,

ప్రాజెక్టు ఆగిపోయింది. ప్రదర్శన రోజే మాతాపూజ ఊరేగింపు అటు వచ్చింది. వాళ్ళ మామూలు దారిలో కాలువ తవ్వి ఉందట, నాకు తెలియదు; అటు రాదనుకునే, అందరికీ సెలవని ఆ రోజు పెట్టాను. గొడవ అయింది. పూజ తలకు దెబ్బ తగిలింది. మేదినీపూర్ పెద్దాసుపత్రిలో ఉంది. ఎడమ కన్ను మీద ఆశ లేదన్నారు.

ఆ సాయంత్రం బజారు వాళ్ళు వచ్చి మా లైనులో సైకిళ్ళు తగలబెట్టారు. మా వాళ్ళు వెళ్ళి వాళ్ళ కొట్ల తలుపులు నరికారు. మా పక్కింటి దేముడు మావయ్యను బజారు వాళ్ళు ఇనుప గొలుసుతో కొట్టారు, వీపంతా చీలిపోయింది. ఇప్పుడు పోలీసులు వీధి మొగల్లో కూర్చున్నారు.

గుంపులో ఎవరు కొట్టారో తెలియదంటున్నారు. చేతిలో కర్ర ఉందని మా ఎదురింటి ప్రేమ్‌కుమార్‌ని పట్టుకెళ్ళారు.

అమర్ బాగానే ఉన్నాడు. మీరు ఎవరూ కంగారుపడవద్దు.

కుసుమ

---

కురుపాం దగ్గర కొండ,
మార్చి.

వదినా,

ఆ పిల్ల ఎలా ఉంది? ముందు అది రాయి. గీత మీద నిలబెట్టమని చెప్పింది నేను. అన్నం సహించడం లేదు. మా పిల్లలు ఆ నవల సంగతి అడిగితే కసురుకుంటున్నాను.

రెండో మాట. బావ ఫోన్ చేశాడు. పెళ్ళి వైశాఖం దాకా ఎందుకు, సింహాచలంలో దండలు మార్చుకుందాం, తర్వాత కొన్నాళ్ళు ఇక్కడే మా నాన్న దగ్గర ఉంటానన్నాడు. నన్ను చూడాలని తొందర కాబోలనుకుని మురిసిపోయాను కూడా. గొంతు బాగాలేదేమని అడిగితే, మాతాపూజ రోజు వర్క్‌షాపులో మిషను పని ఎక్కువై చెయ్యి వాచిందన్నాడు. మాతాపూజ రోజు మీ లైనులో ఎవరూ పనికి వెళ్ళరని నువ్వే రాశావు.

నేను అడగకుండానే అమర్ బాగానే ఉన్నాడని రాశావు. ఊరేగింపుకు ముందు నడిచేది ఎవరు వదినా? ఆ చెయ్యి ఎందుకు వాచింది? నేను కట్టుకోబోయేది ఎవరినో నాకు తెలియాలి. నాకు అబద్ధం రాయకు. రాస్తే నీ మొహం చూడను.

వినీత

---

ఖరగ్‌పూర్,
మార్చి.

వినీతా,

అమర్‌నాథే కొట్టాడు. నేను చూశాను.

మొత్తం చెబుతాను, సగం చెబితే నాకు ఊపిరి ఆడదు. గీత బాగా కనబడాలని పిల్లలు సున్నంలో పసుపు కలిపారు. కాపలా బురుజులకు పచ్చకొమ్మలు గుచ్చమని చెప్పాను నేను. ఆ స్థలంలో ఉన్న చెట్టు వేప. దారికి అడ్డంగా పసుపు కలిపిన సున్నం గీత, దాని మీద వేపమండలు. మన వైపు దాన్ని ఏమంటారో నీకు చెప్పాలా? పొలిమేర కట్టడం. ఇటు అమ్మోరు రావద్దని కట్టే కట్టు. ఈ లైనులో పుట్టి, చిన్నప్పటినుంచి ఘటం వెనక నడిచిన నా కళ్ళకు అది కనబడలేదు. నాకు అందులో నవలే కనబడింది.

పిల్లలకు బన్నులు తెద్దామని పక్క వీధికి వెళ్ళాను. నేను వచ్చేదాకా గీత వదలొద్దని చెప్పి మరీ వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి డప్పులు ఆగిపోయాయి. ఘటం ఎత్తిన నూకాలమ్మ అత్త గీత ముందు వణుకుతూ నిలబడి ఉంది. కట్టిన పొలిమేర దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. బజారు పిల్లల చేత కట్టు వేయించారని మా వాళ్ళు అరుస్తున్నారు. అమర్ చేతిలో ఇనుప పైపు. వాడు తాగి లేడు, ఆ మాట ఎవరైనా చెబితే నమ్మకు.

"గీత తుడిపెయ్. అమ్మోరు ఆగిపోనాది, కనిపిత్తందా?" అన్నాడు.

పూజ, "టీచర్ సెప్పినాకే తుడుస్తాను దాదా," అంది. ఇక్కడి వాడుకలో అన్నా అని పిలిచి, అంతే అంది. నిలబడింది.

ఎవడో వెనక నుంచి తోశాడు. తీతు కిందపడుతూ నూకాలమ్మ అత్త కాళ్ళకు తగిలాడు. ఘటం నేల మీద పడి పగిలింది. పసుపు నీళ్ళు గీత మీద పారాయి. తర్వాత అమర్ పైపు ఎత్తాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు నేనున్న చోటికి వినబడింది. ప్రేమ్‌కుమార్ వెనక నుంచి వాడి నడుం పట్టుకుని లాగాడు. వాడిని విదిలించుకుని రెండో దెబ్బ కొట్టాడు. అది కణత మీద. పూజ పడలేదు వినీతా. మొహం మీద నెత్తురు కారుతుంటే అలాగే నిలబడి, మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడు పడింది. నేను బన్నుల సంచి పట్టుకుని ఉన్నాను. నా గొంతులోంచి వాడి పేరు రాలేదు.

ఇప్పుడు వాడిని ఆపిన ప్రేమ్‌కుమార్ లాకప్‌లో ఉన్నాడు. వాడిని కొట్టి ఒప్పిస్తున్నారట. మా లైనంతా చూసింది, ఒక్కరూ నోరు మెదపడం లేదు. వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

కుసుమ

---

కురుపాం దగ్గర కొండ,
ఏప్రిల్.

వదినా,

ఉత్తరం చదివి పిల్లల కంటపడకుండా పెట్టె అడుగున దాచాను. తర్వాత మంచం మీద పడుకుని ఆలోచించాను. నన్ను అసహ్యించుకున్నా సరే, నాకు అనిపించింది రాస్తున్నాను.

చెప్పకు.

నువ్వు చెబితే ఆ పిల్ల కన్ను తిరిగి వస్తుందా? బావ ఉద్యోగం పోతుంది, జైలుకు పోతాడు. అత్తయ్య బతకదు. నాన్న అందరినీ పిలిచేశాడు. పెళ్ళికి ముందే జైలుకెళ్ళిన మొగుడి పేరు నా మీద పడుతుంది, నేను ఈ కొండ మీద ముసలిదాన్నయిపోవాలి. ప్రేమ్‌కుమార్‌ని ఎలాగూ వదిలేస్తారు, సాక్ష్యం లేదు కదా. బావను నేను దారిలో పెట్టుకుంటాను. చిన్నప్పుడు పాము వస్తే నన్ను ఎత్తి గట్టు మీద పెట్టి తను కింద నిలబడినవాడు. వాడూ వాడే కదా?

మనం పిల్లలకు ఏం చెప్పామో నాకు గుర్తుంది. నన్ను ఆ మాటలతో కొట్టకు. పిల్లలకు చెప్పడం తేలిక. నాకు వాడంటే ఇష్టం వదినా. రెండు దెబ్బలకు నా ఇష్టం చచ్చిపోతుందేమో అని చూస్తున్నాను. చావడం లేదు.

వినీత

---

ఖరగ్‌పూర్,
ఏప్రిల్.

వినీతా,

నువ్వు వద్దన్న పని చేసేశాను. కోపం రాకుండా చదవమని అడగను.

నీ ఉత్తరం వచ్చాక మూడుసార్లు చదివి, నువ్వు చెప్పిందే నిజమనుకున్నాను. నోరు మూసుకుందామనే నిశ్చయించుకున్నాను. పూజకు కట్లు విప్పారంటే చూడడానికి మేదినీపూర్ వెళ్ళాను. వాళ్ళ నాన్న నాతో మాట్లాడలేదు, పొమ్మని కూడా అనలేదు. పిల్ల జుట్టంతా తీసేశారు. ఎడమ కన్ను ఉన్నచోట దూది. నన్ను చూసి లేచి కూర్చోబోయింది, పిలిస్తే నిలబడే అలవాటు. "నాను గీత ఒదల్లేదు టీచర్," అంది. మెచ్చుకుంటానని చూసింది. ఉన్న ఆ ఒక్క కంటితో నా మొహం వంక చూసింది. మెచ్చుకున్నాను వినీతా. బాగా నిలబడ్డావు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు నా నాలుక కోసేసుకోవాలనిపించింది.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. బస్సు దిగి నేరుగా ఠాణాకు వెళ్ళాను. గీత గీయించింది నేను, కొమ్మలు గుచ్చమన్నది నేను, పిల్లను నిలబెట్టింది నేను అని రాయించాను. కొట్టిందెవరో సొంత కళ్ళతో చూశారా దీదీ అని దారోగా హిందీలో అడిగాడు. చూశాను, నా తమ్ముడు అమర్‌నాథ్ అని చెప్పాను. అతను కలం ఆపి, ఒకసారి ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకునే వచ్చానన్నాను. ప్రేమ్‌కుమార్‌ని బయటికి తెచ్చారు. అరికాళ్ళు వాచి నడవలేకపోతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు, వాడిని ఏమంటాం.

నేనే వెళ్ళి అమర్‌తో చెప్పాను, పోలీసులు రాకముందే. పారిపోతాడనుకున్నాను. గోడకేసి తల కొట్టుకున్నాడు, తర్వాత నా చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. మా అమ్మ మధ్యకు వచ్చి వాడిని పట్టుకోలేదు, నన్ను పట్టుకుంది. "నీ తోడబుట్టినోడే. నీ సంకన ఏసుకుని తిప్పినావు. ఆడి పేరు సెప్పినావేటే?" అంది. జీపు వచ్చింది. లైనువాళ్ళు దాని మీద రాళ్ళు వేశారు, వాటిలో రెండు మా కిటికీకే తగిలాయి, గురి తప్పి కాదు. స్కూలు నన్ను రావద్దంది. వీధి కుళాయి దగ్గరకు వెళితే బిందెలు తీసుకుని అందరూ వెళ్ళిపోతున్నారు.

నీకు చెడు చేశాను. వాడిని నువ్వు చేసుకుంటావో మానేస్తావో నాకు రాయకు, అది నా చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. నీ ఇష్టం చావలేదని రాశావు. నాకూ చావలేదు. అదే పెద్ద నరకం.

ఈ పొద్దున్న అమ్మ అన్నం వండింది. ఎండు చేపల కూర, వాడికి ఇష్టమైనది. క్యారేజీ కట్టి తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వే అట్టుకెల్లు. నాను సూడలేను," అంది. ఆ జీపు వెళ్ళిన తర్వాత నాతో అన్న మొదటి మాట.

తీసుకెళ్ళాను. ఠాణా వరండాలో కూర్చోబెట్టి సంకెల ఒక చేతికి విప్పారు. వాడు నా వైపు చూడకుండా తిన్నాడు. ఆకలి మీద ఉన్నాడు. సగం తిన్నాక, తల ఎత్తకుండానే, "అక్కా, ఆ పిల్ల పేరేటి?" అని అడిగాడు.

ఇన్నాళ్ళుగా మా ఇంట్లో ఆ పిల్లను ఎవరూ పేరు పెట్టి అనలేదు. బజారు పిల్ల అనేవాళ్ళం. చెప్పాను. కన్ను పోయిందని కూడా చెప్పాను. నోట్లో ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకుని కూర్చున్నాడు. కానిస్టేబులు టైము అయిందన్నాడు. నేను క్యారేజీ సర్దలేదు, తినడం కానివ్వండి అన్నాను.

కుసుమ